ఆటోళ్ళకు సోమవారం సెలవు. మనకు ఏ వారం?

ఈసారి కొంచెం పొడుగు పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి.

బెంటన్‌విల్ నుంచి ఐ-49 మీద అరగంట పోతే స్ప్రింగ్‌డేల్. అక్కడ ఆర్వెస్ట్ బాల్‌పార్క్ ఉంది. నార్త్‌వెస్ట్ అర్కాన్సా నాచురల్స్ అనే బేస్‌బాల్ టీం 2008 నుంచి అక్కడే ఆడుతది. కాన్సస్ సిటీ రాయల్స్‌కు ఇది కింది టీం. ఇయ్యాల రాయల్స్‌లో పెద్ద పేరున్న బాబీ విట్ జూనియర్ 2021లో ఇక్కడే ఆడిండు. సాల్వడార్ పెరెజ్ కూడా ఇక్కడి నుంచి పైకి పోయినోడే.

మనకు క్రికెట్ తప్ప వేరే ఆట ఎక్కదు, నాకూ అంతే. కానీ ఆ టీం షెడ్యూల్ కాగితం చూసి నేను ఆగిపోయిన. ఏప్రిల్ మొదట్ల నుంచి సెప్టెంబర్ నడిమి దాకా 138 ఆటలు. సగం ఇంటికాడ, సగం బయట. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే టీంతో ఆరు ఆటలు, సోమవారం ఆట లేదు. 2021 నుంచి ఇదే పద్ధతి. ఏ రోజు ఏ ఊర్లో ఉంటరో సీజన్ మొదలుకాక ముందే అచ్చు వేసి ఇస్తరు. ఆటగాడి పెండ్లాం, తల్లి, తండ్రి అందరూ దాన్ని చూసుకొని ప్లాన్ చేసుకుంటరు.

వాళ్ళది సుఖమైన బతుకని నేను అంటలేను. టెక్సస్‌లో కార్పస్ క్రిస్టీకి ఆడనీకి పోవాలంటే బస్సులో పది గంటల పైనే. చాలాసార్లు ఆ సోమవారం కూడా ప్రయాణంలోనే పోతది. జీతం సంగతి ఇంకా ఘోరం. ఈ స్థాయి ఆటగాడికి ఏడాదికి 13,800 డాలర్ల కాడ ఉండేది. 2022లో అందరూ కలిసి యూనియన్‌లో చేరిండ్రు. 2023లో ఒప్పందం రాసుకున్నంక అది 30,250 అయింది. ఎవరూ జాలిపడి ఇయ్యలేదు, కలిసి అడిగితేనే వచ్చింది.

ఇగ మన సంగతి. ఈ ఊర్లో ఎటు చూసినా కట్టుడే. మన సెలవు ఏ రోజో మనకు ఎప్పుడు తెలుస్తది? ముందు రోజు రాత్రి. ఆ ఫోన్ చేసేటోడు ఎవడు? నా అసుంటి సూపర్‌వైజరే.

దాచుకునేది ఏముంది, చెప్తున్న. మా గ్యాంగులో ఒక తమ్ముడు ఆదివారం పొద్దున ఏడింటికి వీడియో కాల్‌లో కూసుందామనుకున్నడు. ఇంటికాడ అప్పటికి సాయంత్రం అయిదున్నర, బిడ్డ కేక్ కోసే టైం. శనివారం రాత్రి పదింటికి నేనే ఫోన్ చేసిన, "రేపు స్లాబ్ పోస్తున్నం, అయిదింటికల్లా రా" అని. వచ్చిండు. ఏడింటికి పంపు పైపు పట్టుకొని ఉన్నడు. ఒక్క మాట అనలేదు. అనకపోవుడే నాకు ఎక్కువ తగిలింది. ఆ స్లాబ్ సంగతి నాకు గురువారమే తెలుసు. చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

"కట్టుడు పని ఆట కాదు, వాన వస్తే ప్లాన్ అంతా తారుమారు" అని కొందరు అంటరు. నేనూ గదే అనేటోణ్ణి. కానీ వాన ఆటను కూడా ఆపుతది. ఒకనాడు ఆట ఆగితే మామూలుగా ఇంకోనాడు రెండు ఆటలు పెడతరు. ఒక్కోటి తొమ్మిది ఇన్నింగ్స్ కాదు, ఏడే. అంటే వాన పడితే ఏం చెయ్యాలో కూడా ముందే రాసుకున్నరు. మన కాడ ఆ రాత లేదు. అందుకే పోయిన ప్రతి గంటనూ పనోడి ఆదివారం నుంచే కోసుకుంటున్నం.

నేను అనేది ఇంతే. సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్‌లు రెండు వారాల షెడ్యూల్ రాసి గోడకు అంటించండి. వాన పడితే ఏ రోజు పని, ఏ రోజు సెలవు అన్నది కూడా అందులోనే రాయండి. పనోళ్ళు అది లేకుంటే అడగండి, ఒక్కరు కాదు, అందరూ కలిసి. దీనికి కంపెనీకి ఒక్క డాలర్ ఖర్చు కాదు.

సోమవారం నుంచి మా కంటైనర్ తలుపు మీద ఆ కాగితం ఉంటది. నేను తప్పితే నన్నే అడగండి.

సీజన్ మొదలైనంక ఒకనాడు అందరం కలిసి ఆటకు పోదాం. ఏ రోజు పోదామో నేను ఇప్పుడే చెప్పగలగాలె.