తొందరపడి ఎక్కించిన అందలం

2008 జులైలో రగ్బీ లీగ్ అగ్రశ్రేణి పోటీ అయిన సూపర్ లీగ్‌కు కొత్త లైసెన్సులు ప్రకటించారు. 12 జట్ల పోటీని 14కు పెంచారు. కింది లీగ్‌లో గెలిచి పైకి రావడమనే పద్ధతిని పక్కనపెట్టి, దరఖాస్తులు చూసి చోటిచ్చారు. అలా దక్షిణ వేల్స్‌లోని బ్రిడ్జెండ్ ఊరి జట్టు సెల్టిక్ క్రూసేడర్స్ అగ్రశ్రేణిలో అడుగుపెట్టింది. అప్పటికి ఆ క్లబ్బు పుట్టి మూడేళ్లే. మరో మూడేళ్లకు, 2011 జులైలో, తదుపరి లైసెన్సు కోసం పెట్టుకున్న దరఖాస్తును తానే వెనక్కి తీసుకుని మూతపడింది.

వేల్స్ రగ్బీ యూనియన్ గడ్డ, అక్కడ రగ్బీ లీగ్ బతకదు అని చాలామంది తేల్చేస్తారు. చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. పని మానుకుని ఆడే కార్మికుడికి ఆ రోజు కూలి ఇవ్వాలా వద్దా అన్న తగాదాతో 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు రగ్బీ యూనియన్ నుంచి విడిపోయాయి. రగ్బీ లీగ్ పుట్టుక అదే. బొగ్గు గనుల వేల్స్‌కు ఆ తగాదా కొత్తది కాదు. 1907లో అక్కడి మెర్థిర్ టిడ్ఫిల్, ఎబ్బు వేల్ క్లబ్బులు ఈ కొత్త ఆటలో చేరాయి. 1908 జనవరి 1న అబెర్‌డేర్‌లో వేల్స్ 9-8తో న్యూజిలాండ్‌ను ఓడించింది. అదే ఏడాది మరో నాలుగు క్లబ్బులు వచ్చాయి. వాటిలో మూడు ఒక్క సీజన్‌కే చేతులెత్తేశాయి. 1912 నాటికి ఒక్కటీ మిగల్లేదు. ప్రత్యర్థులంతా యార్క్‌షైర్, లాంకషైర్‌లలో ఉంటే ఒంటరి జట్టుకు రైలు ఖర్చులు తట్టుకోవడమే కష్టం. ఆటగాళ్లకు మాత్రం కొదవ లేదు. జిమ్ సల్లివన్, గస్ రిస్మన్, బిల్లీ బోస్టన్ లాంటి మేటి వేల్స్ ఆటగాళ్లను ఉత్తరాది క్లబ్బులు డబ్బిచ్చి తీసుకెళ్లాయి. ప్రతిభ ఎగుమతి అయింది, క్లబ్బు వేళ్లూనలేదు.

క్రూసేడర్స్ ఈ లోటు తీర్చాల్సింది. 2004లో సెల్టిక్ వారియర్స్ అనే యూనియన్ జట్టు రద్దయింది. ఆ జట్టు వెనకున్న వ్యాపారి లేటన్ శామ్యూల్ మరుసటి ఏడాది ఈ లీగ్ క్లబ్బు పెట్టారు. బ్రూవరీ ఫీల్డ్ మైదానంలో ఆట మొదలైంది. ఎదుగుదల చకచకా సాగింది. 2006లో మూడో శ్రేణి, 2007లో అక్కడ విజేత. 2008 రెండో శ్రేణి ఫైనల్లో సాల్‌ఫర్డ్‌తో 18-18 వద్ద సమయం ముగిసింది, అదనపు సమయంలో 36-18తో ఓడింది. ఓడినా సూపర్ లీగ్ చోటు అప్పటికే జేబులో ఉంది.

నా దృష్టిలో అసలు పొరపాటు అక్కడే. ఆ విజయాల్లో ఎక్కువ భాగం ఆస్ట్రేలియా నుంచి తెచ్చుకున్న ఆటగాళ్లది, కోచ్ జాన్ డిక్సన్‌దీ అదే దేశం. 2009లో తొలి గెలుపు కోసం మే దాకా, బ్రాడ్‌ఫర్డ్‌పై 30-24 వరకు, ఎదురుచూడాల్సి వచ్చింది. సీజన్ మొత్తం మూడే విజయాలు, పట్టికలో అట్టడుగు స్థానం. ఆగస్టులో వీసా నిబంధనల ఉల్లంఘన బయటపడి ఆరుగురు ఆస్ట్రేలియన్లు దేశం విడిచారు. జట్టు వెన్నెముక ఒక్కసారిగా విరిగింది.

ఆపై క్లబ్బును ఏకంగా ఉత్తరాన ఇంగ్లండ్ సరిహద్దు దగ్గరున్న రెక్సమ్‌కు తరలించారు. 2010లో బ్రయన్ నోబుల్ శిక్షణలో ఎనిమిదో స్థానం సాధించి ప్లేఆఫ్స్ ఆడిన మాట నిజమే. కానీ ఆ ఏడాది చివరికే అప్పులు ముంచెత్తాయి. బ్రిడ్జెండ్‌లో నాలుగు సీజన్లుగా టికెట్ కొన్న అభిమాని వారం వారం రెక్సమ్ వెళ్లగలడా? ఆ ప్రశ్నకు ఆడిన మ్యాచులు, గెలిచిన స్థానాలు జవాబు కావు.

ఇంకో రెండు మూడేళ్లు కింది శ్రేణిలోనే ఉంచి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఎందుకంటే స్థానిక కుర్రాళ్లు అప్పుడే తయారవుతున్నారు. బెన్ ఫ్లవర్, గిల్ డడ్సన్, ఇలియట్ కియర్, లాయిడ్ వైట్ ఇక్కడి నుంచి ఎదిగినవారే. క్లబ్బు మూతపడ్డాక ఫ్లవర్, డడ్సన్ విగన్‌కు, కియర్ బ్రాడ్‌ఫర్డ్‌కు, వైట్ విడ్నెస్‌కు వెళ్లారు. సల్లివన్ కాలం నాటి వలస దారే మళ్లీ తెరుచుకుంది, ఈసారి ఆ దారిని తెరిచింది లీగ్ పెద్దల నిర్ణయమే.