వాగ్దాన కార్డుల్లో కనిపించని విశ్వాసం

డిసెంబరు 31 రాత్రి చాలా తెలుగు చర్చిల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆరాధన అయ్యాక తలా ఒక వాగ్దాన కార్డు తీసుకుంటారు. అందులోని వాక్యాన్ని కొత్త ఏడాదికి దేవుడిచ్చిన మాటగా భావించి బైబిల్లో దాచుకుంటారు. దాన్ని తప్పు పట్టనక్కర్లేదు. కాకపోతే ఆ కార్డుల్లో ఏ వాక్యాలు ఉంటాయో, ఏవి ఉండవో చూస్తే మన కాలపు భక్తి ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది. హెచ్చింపు, ఆశీర్వాదం, శత్రువుపై విజయం పుష్కలంగా ఉంటాయి. మొదటి నుంచి చివరి దాకా చీకట్లోనే సాగి చీకట్లోనే ముగిసే 88వ కీర్తన మాత్రం ఎవరి చేతికీ రాదు. స్వస్థత కూటాల్లో వినిపించే బోధ కూడా చాలావరకు ఇదే కోవలోది: నమ్మితే అడ్డంకి తొలగుతుంది, తొలగలేదంటే నీ నమ్మకంలోనే లోపం ఉంది. నా దృష్టిలో ఇది విశ్వాసం కాదు, బేరం. ఫలితం తన గుప్పిట్లో లేదని తెలిసి కూడా, దాన్ని ఎలాగైనా రాబట్టుకోవాలని అడ్డదారి తొక్కకుండా, చేయవలసిన పని చేసుకుపోగలగడమే దేవుణ్ణి నమ్మడం.

ఈ మాటకు రుజువు మన ఒంగోలు చరిత్రలోనే ఉంది. 1876లో వానలు ముఖం చాటేశాయి. తర్వాత రెండేళ్ల కరవులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోయారు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో అప్పుడు ఉన్నది జాన్ ఎవరెట్ క్లౌ. సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఉన్నవాడు. బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని ఆయన స్వయంగా కాంట్రాక్టుకు తీసుకున్నారు. మిషన్ బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, ఎక్కువగా మాదిగ కుటుంబాలకు పని, కూలి చూపించారు. ప్రార్థన ఆపలేదు, పార కూడా ఆపలేదు. అయితే నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆయన చేయని పని. కరవు తీవ్రంగా ఉన్న ఏడాదికి పైగా కాలంలో బాప్తిస్మం కోసం వచ్చినవాళ్లను ఆయన వెనక్కి పంపేశారు. మతం వ్యాపింపజేయడానికి సముద్రాలు దాటి వచ్చిన మనిషి, జనం గుంపులుగా అడుగుతున్నప్పుడు కాదనడం తేలికైన సంగతి కాదు. ఆకలిని వాడుకుంటే సంఖ్య దానంతటదే పెరిగేది. ఇది దేవుడి పని అని నిజంగా నమ్మితేనే, దాన్ని ఆకలి చేత చేయించాలన్న ఆత్రం ఉండదు. సహాయం పంచడం ఇక ఆపేస్తున్నామని ప్రకటించిన తర్వాతే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య 9,606కు చేరింది.

అయినా తిన్న అన్నం గుర్తుండే కదా వాళ్లు వచ్చింది అని అడగవచ్చు. అడగాలి కూడా. పైగా ఈ లెక్కలన్నీ మిషనరీలు రాసుకున్నవే. కృతజ్ఞత కొంత పనిచేసి ఉంటుందని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని సమాజంలో, తమతో సమానంగా కూర్చుని, కూలి ఎగ్గొట్టకుండా ఇచ్చినవాళ్ల దేవుణ్ణి నమ్మాలనుకోవడం కడుపుకు సంబంధించిన లెక్క మాత్రమే అనడం ఆ మనుషుల్ని మళ్లీ తక్కువ చేయడమే. గౌరవం కోరుకోవడం ఆత్మ సంబంధమైన కోరిక కాదని ఎవరు చెప్పారు?

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఆ కరవు వానలు లేకపోవడం ఒక్కదాని వల్లే రాలేదు. సహాయ పనికి వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టారు. అదే కాలంలో దేశం నుంచి ఇంగ్లండుకు గోధుమలు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. దేవుడి మీద భారం వేయమనడం ఇలాంటి అన్యాయాన్ని మౌనంగా మింగమనడమేనని హేతువాదులు అంటారు. కొందరు బోధకుల మాటలు వింటే ఆ విమర్శ నిజమేననిపిస్తుంది. బైబిలు మాత్రం అలా చెప్పదు. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు విలాపాలే. నువ్వెక్కడున్నావు, ఇంకెంతకాలం అని దేవుణ్ణే నిలదీస్తాయి. ఆమోసు ప్రవక్త తక్కువ కొలతలతో, దొంగ తూకాలతో పేదల్ని దోచే ధాన్యం వర్తకుల్ని ఏ మొహమాటమూ లేకుండా దుయ్యబట్టాడు. తెలుగువాళ్లకు ఈ ధోరణి కొత్త కాదు. గోల్కొండ చెరసాలలో రామదాసు తాను చేయించిన నగల లెక్క చెప్పి మరీ రాముణ్ణి దెప్పిపొడిచాడు. అది భక్తి కాదని ఎవరూ అనరు. యోబు గ్రంథం చివర్లో దేవుడి కోపం ఫిర్యాదు చేసిన యోబు మీదికి మళ్లదు. కష్టం వచ్చిందంటే నువ్వేదో పాపం చేసే ఉంటావని దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న స్నేహితుల మీదికి మళ్లుతుంది. స్వస్థత వేదికల మీద మైకు పట్టుకునే ప్రతివారూ ఆ చివరి అధ్యాయం ఒకసారి చదివితే బాగుండును.

మిగిలేది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. నమ్మి కూడా చనిపోయినవాళ్ల మాటేమిటి? కరవులో విశ్వాసులూ పోయారు, కోవిడ్‌లో పాస్టర్లూ పోయారు. ఎందుకు పోయారో చెప్పగలనని నేను అనను. అలా చెప్పేవాళ్లను అనుమానిస్తాను. కానీ ఈ ప్రశ్నను క్రైస్తవం దాచిపెట్టిందనడం సరికాదు. అగ్నిగుండం ముందు నిలబడ్డ షద్రకు, మేషాకు, అబేద్నెగో తమ దేవుడు రక్షించగలడన్నారు, రక్షించకపోయినా రాజు ప్రతిమకు మొక్కబోమన్నారు. హెబ్రీయులకు రాసిన పత్రిక పదకొండో అధ్యాయం విశ్వాసవీరుల జాబితా. కత్తి వాత నుంచి తప్పించుకున్నవాళ్లు, కత్తికి బలైనవాళ్లు అక్కడ ఒకే వరసలో ఉన్నారు. గెత్సేమనేలో గిన్నె తొలగించమన్న యేసు ప్రార్థనకు దొరికిన జవాబు సిలువ. ఇవన్నీ తెలిసి కూడా రోగి చేత ఇన్సులిన్ మాన్పించి ప్రార్థన నూనె చేతికిచ్చే బోధకుణ్ణి విశ్వాసి అని ఎలా అనగలం? పౌలు తన దేహంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు. ఎందరినో స్వస్థపరిచినవాడే, తోటి సేవకుడు త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి వెళ్లవలసి వచ్చింది. ఆ సంగతి తిమోతికి ఒక్క వాక్యంలో రాశాడు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని మాత్రం రాయలేదు.