కల్లు పక్షమున ఒక వాదము

పుదుచ్చేరి పేరు వినగానే ప్రక్క రాష్ట్రమువారికి ముందుగా తలపునకు వచ్చునది సముద్రము కాదు, అరవిందాశ్రమము కాదు, సీసా. ఈ అపకీర్తికి ఊరివారు కొందఱు సిగ్గుపడుదురు, కొందఱు నవ్వుకొందురు. ప్రభుత్వము సుంకము లెక్కపెట్టుకొనును. ఇన్ని సీసాల నడుమ, ఈ నేలలోనే పుట్టి ఒక్క దినములో ఆయువు తీరిపోవు పానీయ మొకటి కలదు. అది కల్లు. దానిని తలచువారే నానాటికి తగ్గిపోవుచున్నారు. దాని పక్షమున వాదింపవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని. త్రాగుడని ఎవరికిని బోధించుట నా యుద్దేశము కాదు. త్రాగువారు ఎట్లును త్రాగుచున్న దేశమున, చట్టము దేనిని పోషించుచున్నది, దేనిని చంపుచున్నది అను ప్రశ్న త్రాగనివారికిని సంబంధించినదే యని చూపుట నా యుద్దేశము.

అనువాదము నా వృత్తి గనుక మొదట మాటల సంగతి చెప్పెదను. మన ఎక్సైజు శాఖల కాగితములలో 'భారతదేశమున తయారైన విదేశీ మద్యము' అను పదబంధ మొకటి కలదు. దీనిని ఏ భాషలోనికి తర్జుమా చేసినను అర్థము నిలువదు. భారతదేశమున తయారైనది విదేశీయ మెట్లగును? ఇందులో అధికభాగము చెఱకు మడ్డినుండి దించిన స్పిరిటు. దానికి రంగును వాసనను చేర్చి విస్కీ యనియు బ్రాందీ యనియు పిలుతురు. విదేశీయమైనది ఆ పేరొక్కటే. ఆ పేరు చేతనే దానికి గాజుసీసా, ముద్ర, చల్లని గది, మెత్తని కుర్చీ లభించినవి. కల్లుకు లభించినది 'నాటు' అను విశేషణము. హిందీవారు నేతికి ముందు 'దేశీ' అని చేర్చినచో అది మెప్పు. మద్యమునకు ముందు చేర్చినచో నింద. మనమును అంతే. నాటుకోడి యన్నచో నోరూరును, నాటు మద్యమన్నచో ముక్కు మూసికొందుము. హిందీలోని 'తాడీ' అను మాటయే ఆంగ్లమునకు పోయి 'టాడీ' యైనది. అచట విస్కీలో వేడినీరును తీపియును కలిపిన చలికాలపు పానీయమునకు గూడ అదే పేరు. మన చెట్టు పేరునకు పరాయి యింట దక్కిన మర్యాద ఆ చెట్టునకు ఇచట దక్కలేదు.

కల్లు అనగా ఏమో తెలియనివారే దానిని ఎక్కువగా దూషింతురు. కావున ఆ సంగతి కొంచెము చెప్పవలసి యున్నది. తాడి, ఈత, కొబ్బరి చెట్ల రసమే కల్లుకు మూలము. తాడికిని కొబ్బరికిని పూగెలను కట్టి, కొనను ఉదయ సాయంకాలములందు పలుచగా చెక్కినచో రసము చుక్కచుక్కగా కుండలోనికి దిగును. కుండ లోపల సున్నము పూసినచో ఆ రసము పులియక తియ్యగా నుండును. అది నీరా, తమిళులు పదనీరందురు. దానినే కాచినచో తాటిబెల్లమగును. సున్నము లేనిచో కంటికి కానరాని సూక్ష్మజీవులు కొన్ని గంటలలోనే అందలి చక్కెరను పులియబెట్టును. అది కల్లు. ఇందు ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్ళు. సీసాలోని బ్రాందీలో సామాన్యముగా నూటికి 42.8 పాళ్ళు. కల్లు పులియుట ఎవరి యానతికిని ఆగదు. ఉదయమున తియ్యన, సాయంకాలమునకు ఘాటు, మఱునాటికి నోట పెట్టరాని పులుపు. గిడ్డంగిలో దాచుటకు వీలులేదు, దూరదేశము మోయుటకు వీలులేదు, ధర పెరుగువఱకు ఆపి యుంచుటకు వీలులేదు. చెట్టు ఉన్నచోటనే అంగడి, గీచిననాడే అమ్మకము. వర్తకుడు దోషమని చెప్పునదే దీని ముఖ్యగుణము. ఇది స్వభావముచేతనే స్థానికము.

ఈ సమస్య మన దేశమునకు మాత్రమే వచ్చినది కాదు. ఇంగ్లండులో ఏల్ అను ఒక తెగ బీరు కలదు. పీపాలోనికి చేరిన పిమ్మటను అందు ఈస్టు బ్రదికియుండి, అది పులియుచునే యుండును. దానిని కాపాడుటకు పబ్బు యజమానికి నేర్పు కావలెను. తెఱచిన పీపా కొలది దినములలో అయిపోవలెను. 1960లలో పెద్ద కంపెనీలు చిన్న కార్ఖానాలను కొనివేసి, బీరును వడగట్టి, వేడిచేసి, అందలి జీవమును చంపి, వాయువు నింపి, దేశమంతట ఒకే రుచిని పంపసాగెను. 1971లో నలుగురు మిత్రులు దీనిని సహింపలేక స్థాపించిన సంఘమే నేడు 'కామ్రా' యను పేర ప్రసిద్ధము. త్రాగుడు పెరుగవలెనని వారు కోరలేదు. త్రాగునది సజీవముగా నుండవలెననియు, దానిని చేయు చిన్న కార్ఖానాయు అమ్ము ఊరి పబ్బును నిలువవలెననియు కోరిరి. తరువాతి దశాబ్దములలో ఆ దేశమున వందలకొలది చిన్న కార్ఖానాలు తిరిగి లేచినవి. మనవారు ఇంగ్లండు వెళ్ళివచ్చి ఆ పబ్బులను గూర్చి ముచ్చటగా చెప్పుదురు. హైదరాబాదులోను బెంగుళూరులోను అప్పటికప్పుడు కాచిన బీరని హెచ్చు వెల పెట్టి కొందురు. అప్పటికప్పుడు చెట్టునుండి దిగిన దానివంక మాత్రము చూడరు. మెఱుగు పెట్టిన లోహపుపాత్రలో నున్న తాజాతనము నాగరికమట. మట్టికుండలో నున్నది మోటట!

ఇక మన చట్టములు చేసిన పనిని చూతము. 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించెను. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతట వ్యాపించెను. పుదుచ్చేరి అప్పుడు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. 1954లో పరిపాలన భారతప్రభుత్వము చేతికి వచ్చిన తరువాతను, 1962లో విలీనము చట్టబద్ధమైన తరువాతను ఇచటికి ఆ నిషేధము రాలేదు. తమిళనాడు 1971లో నిషేధమును సడలించి, 1974 నాటికి మరల విధించి, 1981లో మరల సడలించి, 1987 జనవరి 1 నుండి కల్లు దుకాణములను మూసివేసెను. ఆ తరువాత దశాబ్దములపాటు ఆ తలుపు తెఱువబడలేదు. కాని అదే రాష్ట్రమున 1983లో నెలకొల్పిన 'టాస్మాక్' అను ప్రభుత్వసంస్థ 2003 నుండి 'విదేశీ' సీసాలను తానే చిల్లరగా అమ్మసాగెను. మత్తు నశింపవలెనని చేసిన చట్టమైనచో సీసా మొదట పోవలసినది. ముద్ర వేయుటకు వీలైనది నిలిచినది. ముద్రకు లొంగనిది పోయినది.

పుదుచ్చేరి కల్లును నిషేధింపలేదు. అంతవఱకు మేలే. కాని ఇచటి పద్ధతి వేఱొక విధమున దానిని కృశింపజేయుచున్నది. కల్లు, సారాయి దుకాణములను ప్రభుత్వము వేలము వేయును. పాటలో నెగ్గినవాడు నెలనెల కిస్తు కట్టవలెను. నెగ్గుటకు కావలసినది డబ్బు గాని చెట్టెక్కు నేర్పు కాదు. గీచువాడు పాటదారునకు కూలివాడగును. కిస్తు వానను చూడదు, గాలిని చూడదు, తాడి ఏడాదిలో కొన్ని మాసములే రసమిచ్చునని చూడదు. చెట్టు ఇచ్చినదానికంటె ఎక్కువ అమ్మిననే గాని కిస్తు తీరని స్థితి కల్పించి, ఆ ఎక్కువ ఎచటినుండి వచ్చినదని ఆశ్చర్యపడుటలో అర్థము లేదు.

ఇచట నన్ను నిలదీయువారు ముగ్గురు. మొదటివారు నీతివాదులు. వారిని నేను తేలికగా చూడను. 1930లలో బచ్చన్ హిందీలో 'మధుశాల' వ్రాసెను. ఆ దశాబ్దములోనే ప్రేమ్‌చంద్ 'కఫన్' అను కథ వ్రాసెను. ఆ కథలో తండ్రికొడుకులు చనిపోయిన ఇల్లాలి శవవస్త్రమునకై బిచ్చమెత్తి తెచ్చిన డబ్బును త్రాగివేసిరి. మద్యమును గూర్చి వాదించువారు మొదటి గ్రంథమును చదివి రెండవదానిని మఱచుట తగదు. శ్రీనారాయణగురువు, కల్లుగీత వృత్తిగా గల సమాజములో పుట్టియు, తనవారిని గీయవద్దనియు, అమ్మవద్దనియు, త్రాగవద్దనియు బోధించెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుండి వ్యాపించిన స్త్రీల ఉద్యమము 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారాయిని నిషేధింపజేసెను. ఆ తల్లులు కల్లును మెచ్చుకొనిరని నేననను. కాని వారు వ్రేలెత్తి చూపినది దేనిని? ప్రభుత్వము వేలము వేయగా గుత్తదారులు ఊరూరికి చేరవేసిన సారాయిని. కూలిడబ్బు ఇల్లు చేరకముందే దానికి ఎదురువచ్చి నిలిచినది ఆ సారాయి. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధము 1997లో సడలినప్పుడు లాభపడినది సీసా వర్తకము. ఇన్ని పోరాటముల పిమ్మటను ఫలము సీసాకే దక్కుచున్నదేల యని నీతివాదులు ఆలోచింపవలెను. మద్యమంతయు ఒకటే యనువారు చిన్న కీడును పెద్ద కీడును ఒకే గాట కట్టుచున్నారు. ఆ కలగాపులగములో దాగి బ్రదుకునది పెద్ద కీడే.

రెండవవారు వైద్యులును అధికారులును. కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రజోలాము వంటి మత్తుమందులు కలుపుచున్నారని వారందురు. తెలంగాణములో ఇది పలుమారు రుజువైన నిజము. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. దీనిని కప్పిపుచ్చువాడు కల్లుకు మిత్రుడు కాడు. కాని కారణమును చూడుడు. మహానగరమున తాళ్ళు లేవు, త్రాగువారు వేలకొలది. చెట్టు దినమునకు కొన్ని లీటర్లకు మించి ఈయదు. చెట్టునకును త్రాగువానికిని నడుమ దూరము పెరిగినకొలది ఆ సందులోనికి మత్తుపొడి వచ్చి చేరును. కావున అంగడిని చెట్టునకు దగ్గఱ చేయుటయే కల్తీకి విరుగుడు. కల్లు దుకాణములు మూసిన చోటనైనను ప్రాణములు నిలిచినవా? 2023 మేలో పుదుచ్చేరికి దాపుననే మరక్కాణము తీరమునను, 2024 జూనులో కళ్ళకురిచిలోను మిథనాలు కలిసిన సారాయి త్రాగి జనులు మరణించిరి. కళ్ళకురిచిలోనే అరువదిమందికి పైగా పోయిరి. కల్లు ఉన్నచో వారందఱు బ్రదికియుందురని నేను చెప్పజాలను. బీదవాని చేతినుండి తేలికపాటి పానీయమును లాగివేసినచో అతడు పాలు వెదకుకొనునను నమ్మకముతో చట్టము చేయరాదని మాత్రము చెప్పగలను.

మూడవవారు ఆధునికులు. చెట్టెక్కుట ప్రాణాపాయమైన పని, కులముతో ముడివడిన పని, పోయినచో మంచిదే యని వారి మాట. అపాయము నిజమే. మోకు జాఱి పడినవారి కుటుంబముల దుఃఖము ఏ సాహిత్యమునకును ఎక్కలేదు. దానికి విరుగుడు రక్షణ. 2024లో తెలంగాణ ప్రభుత్వము గీతకార్మికులకు రక్షణసామగ్రి పంచుట ప్రారంభించి, దానికి వారి దేవుడైన కాటమయ్య పేరే పెట్టెను. కులము మాటయు నిజమే. తెలంగాణములో గౌడలు, గోదావరి సీమలో శెట్టిబలిజలు తరతరములుగా ఈ భారమును మోసిరి. కాని వృత్తిని చంపినంతనే మనిషికి విముక్తి కలుగదు. చెట్టుమీద తన నేర్పునకు తానే యజమానియైనవాడు బారులో గ్లాసులు కడుగు కూలివాడైనచో అది ఏ ఆధునికత? పైగా ఏ గెలను ఎప్పుడు కట్టవలెనో, కత్తి ఎంతలోతు ఆనవలెనో ఏ బడిలోను నేర్పరు. తండ్రి కొడుకునకు చెట్టుకొననే నేర్పును. తమిళనాడులో 1987 నాడు ఇరువదేండ్లున్న గీతకాడు నేడు అరువదికి చేరువలో నున్నాడు. ఆ గొలుసు ఒక్కసారి తెగినచో తిరిగి అతుకు చట్టము లేదు.

అందుచేత నేను కోరునవి పెద్ద కోరికలు కావు. కల్లు దుకాణమును సారాయితో కలిపి వేలము వేయుట మానవలెను. చెట్టు గీయువానికే చెట్టును, అనుమతియును ఈయవలెను. తెలుగు రాష్ట్రములలో గీత సహకార సంఘములును, గీయువానికే చెట్టు అప్పగించు పద్ధతియు చిరకాలముగా నున్నవి. ఆ పద్ధతి గల చోటనే కల్తీ జరిగినది గదా యందురేమో. అనుమతి గీతకార్మికుల పేర నున్నను చెట్లు లేని నగరమున అంగడి తెఱచుటవలన జరిగినది. కావున రెండవ కోరిక: ప్రతి అంగడి పలకమీద దానికి చెందిన చెట్ల సంఖ్య వ్రాయవలెను, ఆ చెట్లు ఇచ్చుదానికి మించి అమ్మరాదు, మఱునాటికి మిగిలినది పాఱబోయవలెను. మూడవది, గీచువానికి రక్షణయు బీమాయు కల్పించి, చెఱువుగట్లమీద తాళ్ళు నాటవలెను. నేడు నాటిన తాడి పదునైదు ఇరువదేండ్లకు గాని గీతకు రాదు. సర్వే చేసినచో లెక్కకు అందునంత చిన్న ప్రదేశము మనది. మొదట యానాములోనే దీనిని పరీక్షింపవచ్చును. అది ఈ కేంద్రపాలిత ప్రాంతమునకు చెందిన తెలుగు ముక్క, చుట్టును ఉన్నది తాళ్ళు గీయు గోదావరి సీమ.

పుదుచ్చేరిలో కాలువకు తూర్పున నున్న ఫ్రెంచి వీధులలోని పసుపుపచ్చ గోడలను కాపాడుటకు ఎందఱో శ్రద్ధ వహించుచున్నారు. నేను వారిని నిందింపను. గోడలును మన చరిత్రయే. కాని ఆ గోడలు కట్టకముందునుండియు ఈ తీరమున నున్న తాడిచెట్టును, దానిని ఎక్కు మనిషిని ఆ వారసత్వపు పట్టికలో చేర్చుట ఎవరికిని తోచలేదు. గోడ కూలినచో చిత్రములు చూచి మరల కట్టవచ్చును. చెట్టెక్కువాడు పోయినచో కల్లు రుచిని ఏ చిత్రమునుండియు తిరిగి తేలేము. రాబోవు వేలమునకు ముందుగనే ప్రభుత్వము ఈ సంగతి ఆలోచించుగాక.