మా ఆపాలను పేరుతో పిలవండి

తెలుగు కథలోకైనా, తెలుగువాళ్లు చూసే సినిమాలోకైనా ముస్లిం స్త్రీ వచ్చిందంటే చాలు, ఆమెను కాపాడటానికి ఎవరో ఒకరు ముందే సిద్ధంగా ఉంటారు. బురఖా నుంచి ఒకరు, తలాఖ్ నుంచి ఇంకొకరు. కాపాడటం అయిపోగానే ఆమెతో రచయితకు పని తీరిపోతుంది. సెక్యులర్ మిత్రులారా, మేం అడిగేది ఒక్కటే. మీరు రాకముందు ఆమె ఏం చేస్తోంది? ఎవరితో పోట్లాడింది? దేనికి నవ్వింది?

1995 నాటి మణిరత్నం 'బొంబాయి' చూడండి. షైలాబాను ప్రేమించడం మాకు అభ్యంతరం కాదు. కానీ ఆ ప్రేమ రుజువు కావాలంటే ఆమె బురఖా వదిలి పరుగెత్తి రావాలి. 2022లో వచ్చిన 'సీతారామం'లో నూర్జహాన్ హైదరాబాద్ యువరాణి. తెగువ ఉన్న మనిషే. అయినా ప్రేక్షకుడి గుండెలోకి సీతామహాలక్ష్మి పేరుతోనే వెళ్లింది. అక్కడ ముసుగు తీయించారు, ఇక్కడ పేరు మార్పించారు. నూర్జహాన్ అని సంతకం చేసి ఉత్తరం రాస్తే ఆ ప్రేమ ఏమయ్యేది? రాయాల్సిన కథ అదీ!

ఇండోర్ షాబానోను తలుచుకోండి. 1978లో, 62 ఏళ్ల వయసులో, మనోవర్తి కోసం కోర్టుకెక్కింది. 1985లో సుప్రీంకోర్టులో గెలిచింది. అదే ఏడాది ఆ తీర్పు తనకొద్దని బహిరంగంగా ప్రకటించింది. ఆమె గెలుపును కొందరు జెండా చేసుకున్నారు. ఆమె వెనక్కి తగ్గడాన్ని మరికొందరు జెండా చేసుకున్నారు. ఏడేళ్లు కొట్లాడిన ఆ ముసలమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టిందా? ఆమె కోపం ఎవరి మీద? చట్టాలు చేసేవాళ్లకు ఈ ప్రశ్నలు అక్కర్లేదు. కథకులకు కావాలి.

ఇది చేతకాని పనేం కాదు. 2010 నాటి శ్యాం బెనగల్ 'వెల్‌డన్ అబ్బా'కు ఆధారమైన కథల్లో ఒకటి హైదరాబాద్ రచయిత్రి జీలానీ బానోది. అందులో ముస్కాన్, సర్కారు డబ్బంతా లంచాలకే పోయి తవ్వకుండా మిగిలిన బావి కోసం తండ్రి పక్కన నిలబడి కొట్లాడుతుంది. ఆమె ముస్లిం అని మనకు తెలుస్తూనే ఉంటుంది. కథ మాత్రం బావి కోసమే నడుస్తుంది.

ముస్లిం రచయితలకూ ఇదే మాట. బయటివాళ్లు మన ఆడవాళ్లను బాధితుల్ని చేశారని మనం దేవతల్ని చేయనక్కర్లేదు. జానమాజ్ మీద కూచుని దువా చేసే అమ్మీ ఒక్కతే అమ్మీ కాదు. తునికాకు తక్కువిచ్చాడని బీడీల ఠేకేదారును నిలదీసే అమ్మీ ఉంది. కొడుకు మీద అలిగి అన్నం మానేసే అమ్మీ ఉంది. బిడ్డ చదువు కోసం పెద్దమనుషుల మాట కాదన్న అమ్మీ ఉంది.

మాకు జాలి వద్దు. జాలితో రాసిన మనిషిని జాలితోనే చదువుతారు, తెల్లారేసరికి మరిచిపోతారు. ఆమెకు కోపం ఇవ్వండి, కోరిక ఇవ్వండి, తప్పు చేసే హక్కు ఇవ్వండి. ఆమెను ఆమె పేరుతోనే పిలవండి.