అడవి నేలకు పదును చూసేదెవరు?

తెలుగులో ‘పదును’ అన్న మాటకు రెండు అర్థాలు. ఒకటి కత్తికి ఉండేది, రెండవది నేలకు ఉండేది. వాన వెలిసిన తరువాత నాగలికి లొంగేటంత మెత్తగా, కాలికి అంటుకోనంత ఆరుదలగా ఉన్న నేలను రైతు పదునుగా ఉందంటాడు. పదును తప్పి దున్నితే ఒకవైపు బురద, మరొకవైపు పెళ్ళలు. ఈ మాటకు సాటిరాగల ఒక్క పదం ఇంగ్లీషులో నాకింతవరకు దొరకలేదు. ఆ లోటు భాషలోనే కాదు, కొన్ని కొలతలలో కూడా ఉందని నా అభిప్రాయం.

నేను చెప్పబోయేది మన పొలాల సంగతి కాదు, అమెరికా పశ్చిమ రాష్ట్రాలలోని పైన్ అడవుల సంగతి. 1910లో ఐడహో, మోంటానా ప్రాంతాలలో సుమారు 30 లక్షల ఎకరాలు తగలబడ్డాయి. ఆ భయంతో అక్కడి అటవీ శాఖ ఏ మంటనైనా పుట్టినచోటే ఆర్పే విధానానికి కట్టుబడింది. కనబడిన ప్రతి మంటను మరునాటి ఉదయం పది గంటలలోపు ఆర్పాలని 1935లో నియమమే పెట్టుకుంది. కానీ పాండెరోసా పైన్ అడవి చిన్న మంటలకు అలవాటు పడినది. కొన్నేళ్ళకొకసారి నేలబారుగా పాకే మంట ఎండుటాకులనూ పిల్లమొక్కలనూ కాల్చి, పెద్ద చెట్లను వదిలి వెళ్ళేది. ఆ మంటలు ఆగిపోగానే పిల్లచెట్లు కిక్కిరిసిపోయాయి, నేలన పాకవలసిన నిప్పు కొమ్మలను పట్టుకొని కొసలకెక్కింది. ఆరిజోనాలో 2002 నాటి రోడియో-చెడిస్కీ మంటలు 4.6 లక్షల ఎకరాలకు పైగా, 2011 నాటి వాలో మంటలు 5.3 లక్షల ఎకరాలకు పైగా చుట్టబెట్టాయి. అందుకే అడవిని యంత్రాలతో పలుచన చేయాలంటున్నారు. ఆ అవసరాన్ని నేను కాదనను.

అయితే చెట్టును కోసే హార్వెస్టరు, దుంగలను మోసే ఫార్వర్డరు, వాటిని ఈడ్చే స్కిడ్డరు గాలిలో తేలుతూ రావు. సరుకుతో కలిపి 20 టన్నులకు మించే ఫార్వర్డర్లు మామూలే. ఆ బరువు గుల్లగా ఉన్న అడవి మట్టి మీదుగా పోతే దిమ్మిస కొట్టినట్టే. నష్టంలో పెద్దభాగం మొదటి కొద్ది రాకపోకలలోనే జరిగిపోతుంది. నీరు ఇంకే, గాలి ఆడే పెద్ద రంధ్రాలే ముందుగా మూసుకుపోతాయి. మరి ఎంత అణిగిందో తెలిసేదెలా?

మొదటి పద్ధతి చాలా సులువైనది. కొలత తెలిసిన ఉక్కు గొట్టాన్ని నేలలోకి దించి, చెదరకుండా మట్టిని తీసి, 105 డిగ్రీల పొయ్యిలో ఆరబెట్టి, తూచి, ఆ తూకాన్ని గొట్టం ఘనపరిమాణంతో భాగించడమే. వచ్చినదాన్ని మన పాఠ్యపుస్తకాలు స్థూల సాంద్రత అంటాయి. మట్టిరేణువుల సొంత సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 2.65 గ్రాములు. స్థూల సాంద్రత 1.00 నుంచి 1.15కు పెరిగిందంటే మట్టిలోని ఖాళీ 62 శాతం నుంచి 57 శాతానికి తగ్గిందన్నమాట. చూడటానికి పెద్ద తేడా కాదు. కానీ పోయిన ఆ ఐదు వంతులూ ఎక్కువగా పెద్ద రంధ్రాలవే, వేరుకు ఊపిరి అందేది వాటిలో నుంచే.

ఈ సులువు పద్ధతిలోనూ చిక్కులున్నాయి. చక్రాల గాడిలో నేలమట్టమే కిందికి దిగిపోయి ఉంటుంది. అక్కడ పది సెంటీమీటర్ల లోతు అంటే మునుపటి ఏ లోతు? గొట్టానికి రాయి అడ్డుపడితే రాళ్ళు లేనిచోటే తవ్వుతాం, అప్పుడు లెక్క ఒకవైపు ఒరుగుతుంది. వీటన్నిటికంటె పెద్ద చిక్కు అడవి నేల సహజంగానే అడుగడుక్కీ మారడం. నమూనాకూ నమూనాకూ మధ్య 15 శాతం హెచ్చుతగ్గులున్నచోట 15 శాతం మార్పును నమ్మకంగా పట్టుకోవాలంటే, సాధారణంగా వాడే గణాంక సూత్రం ప్రకారం తొక్కిన చోట 16, తొక్కని చోట 16 నమూనాలు కావాలి. హెచ్చుతగ్గులు 20 శాతమైతే 28 చొప్పున. నాలుగైదు గొట్టాలు దించి ‘మార్పేమీ కనబడలేదు’ అని రాస్తే, మార్పు లేదని కాదు, చూసే కన్ను చాలలేదని అర్థం.

రెండవ పద్ధతి పెనెట్రోమీటరు. కొసన 30 డిగ్రీల కోణపు శంకువున్న కడ్డీని నేలలోకి నొక్కి, నేల ఎంత ఎదురొత్తుతుందో చూడటం. దాదాపు 2 మెగాపాస్కల్స్ దాటితే చాలా మొక్కల వేళ్ళు కుంటుపడతాయని చెబుతారు. పని చకచకా సాగుతుంది, ఒక్క పూటలో వందల అంకెలు చేతికొస్తాయి. పదును సంగతి ఇక్కడే అడ్డుపడుతుంది. అదే మట్టి తడిగా ఉన్నప్పుడు లొంగుతుంది, ఎండితే ఎదురుతిరుగుతుంది. సియెర్రా నెవాడాలో మంచు కరిగిన మే నెలలో ఒకసారి, వాన చినుకెరుగని వేసవి దాటి సెప్టెంబరులో ఇంకొకసారి కొలవండి. నడుమ ఒక్క యంత్రమూ రాకపోయినా నేల గట్టిపడినట్టే కనబడుతుంది. తారుమారు చేసి కొలిస్తే నిజంగా జరిగిన నష్టం మాయమైపోతుంది. తేమను పక్కన రాయని పెనెట్రోమీటరు అంకెకు విలువ కట్టలేము. తడికీ అణగడానికీ ఉన్న బంధం కొత్త విషయమేమీ కాదు. ఒక్కొక్క మట్టి ఒక్కొక్క తేమ దగ్గర అందరికంటె గట్టిగా అణుగుతుందని ఆనకట్టలు కట్టే ఇంజనీరు ప్రాక్టర్ 1933లోనే ప్రచురించాడు. ఆనకట్టకు కావలసిన ఆ తేమే అడవికి కీడు.

ఇంత శ్రమపడి తెచ్చిన అంకెకు అర్థమేమిటన్నది అసలు ప్రశ్న. అమెరికా అటవీ శాఖ 1990 నుంచి దీర్ఘకాలిక నేల ఉత్పాదకత అధ్యయనం నడిపింది. కావాలని మూడు స్థాయిలలో నేలను అణచి, మూడు స్థాయిలలో ఆకుచెత్తను, కలపను తొలగించి, మొక్కలు నాటి చూశారు. కాలిఫోర్నియా స్థలాల ఫలితాలు 2002లో వెలువడ్డాయి. బంకమట్టిలో అణిగిన నేల మీద పాండెరోసా మొక్కలు తగ్గాయి, గరపనేలలో తేడా పెద్దగా లేదు, ఇసుకపాలు ఎక్కువైన నేలలో పెరుగుదల హెచ్చింది! కారణం ఊహించలేనిదేమీ కాదు. ఇసుకనేలలో పెద్ద రంధ్రాలు కొంత కుంచించుకుంటే నీరు ఇంకాస్త నిలుస్తుంది. ఒకే చర్య, మూడు నేలలు, మూడు తీర్పులు.

అటవీ శాఖ ప్రాంతీయ ప్రమాణాలలో మాత్రం గీత వేరే తీరున పడింది. స్థూల సాంద్రత 15 శాతం పెరిగితే హానికరమని, పసిఫిక్ వాయవ్యంలోని అగ్నిపర్వత బూడిద నేలలలో 20 శాతమని రాసుకున్నారు. గీత లేకపోతే పాలన సాగదు. నేల ఉత్పాదకతకు గణనీయమైన, శాశ్వతమైన హాని కలగకూడదని 1976 నాటి చట్టం అంటుంది కాబట్టి ఏదో ఒక అంకె కావలసిందే. నా అభ్యంతరం గీతను చూసి నేలను చూడటం మానేయడం మీద. బంకమట్టిలో 12 శాతం ‘క్షేమం’, ఇసుకనేలలో 18 శాతం ‘హాని’ అయితే అది తీర్పు కాదు, గుమాస్తా లెక్క. 2009లో వచ్చిన జాతీయ పద్ధతిలో కంటితో చూసి నేలను 0 నుంచి 3 వరకు తరగతులుగా విడదీస్తారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ అడవి చూడవచ్చు, మంచిదే. కానీ అప్పుడప్పుడు గొట్టం దించి ఆ కన్నును సరిచూసుకోకపోతే కొలత కాస్తా ఊహ అవుతుంది.

‘అడవి కాలిపోతుంటే మట్టి తూచుకుంటూ కూర్చోమంటావా?’ అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. తీవ్రమైన మంట నేలను ఎంత చెరుస్తుందో తెలియనివారు లేరు. కానీ మంట మచ్చ అందరికీ కనబడుతుంది, అణిగిన నేల మీద రెండేళ్ళలో సూదాకులు రాలి కప్పేస్తాయి. పశ్చిమ-మధ్య ఐడహోలో దుంగలు ఈడ్చిన బాటలను 23 ఏళ్ళ వరకూ పరిశీలించి 1985లో ప్రచురించిన అధ్యయనంలో, గ్రానైటు నేలల పై 5 సెంటీమీటర్లు తప్ప మరెక్కడా సాంద్రత పూర్వస్థితికి రాలేదు. పైగా పలుచన ఒకసారితో తీరే పని కాదు, కొన్నేళ్ళకు యంత్రం మళ్ళీ వస్తుంది. పాత బాట ఎక్కడుందో రాసిపెట్టకపోతే కొత్త బాట పక్కన పడుతుంది. అలా రెండు మూడు తడవలకు అడవంతా బాటే.

అందువలన నేను కోరేవి కొన్నే. యంత్రం రాకముందే కొలవాలి, ఎందుకంటే ఆ అవకాశం మళ్ళీ రాదు. పక్కనే తొక్కని పట్టీ ఒకటి వదలాలి. ముందూ వెనుకా ఒకే పదునులో కొలవాలి, తేమను అంకె పక్కనే రాయాలి. గీతను మట్టిరకాన్నిబట్టి గీయాలి. బాటలను పటం మీద గుర్తించి, మలి తడవలోనూ వాటి మీదనే నడవాలి, పదేళ్ళకు, ఇరవై ఏళ్ళకు వచ్చి మళ్ళీ కొలవాలి. నేల బాగా ఎండినప్పుడో గడ్డకట్టినప్పుడో పని చేయడం, నరికిన కొమ్మలను బాట మీద పరిచి వాటి మీదుగా నడపడం ఎలాగూ తెలిసిన ఉపాయాలే. అవి ఎంత పనిచేశాయో చెప్పేది కూడా ముందరి కొలతే.

ఒక ఒప్పుకోలు కూడా అవసరం. నేను చెప్పిన కాలిఫోర్నియా ఫలితాలు చెట్లన్నీ తీసి కొత్తగా నాటిన స్థలాలవి. పలుచన చేసిన అడవిలో నిలబడి ఉన్నవి ముదురు చెట్లు, వాటి వేళ్ళు అప్పటికే నేలలో పరుచుకొని ఉంటాయి. ఒకదాని తీర్పును రెండవదానికి యథాతథంగా అతికించలేము. పలుచన చేసిన చోటనే దీర్ఘకాలం కొలవాలనడానికి ఇది మరొక కారణం.

చెట్టు వయసు వందల ఏళ్ళు, కాంట్రాక్టు వయసు రెండు మూడేళ్ళు. ఈ రెండింటి మధ్య జ్ఞాపకంగా మిగిలేది కొలతల పుస్తకమొక్కటే. దాన్ని ఖర్చు కింద కొట్టివేసేవారికి పదును అంటే ఏమిటో ఏ రైతయినా చెప్పగలడు. మట్టితో పనిచేసే మిత్రులెవరైనా ఇది చదివితే, మీ అనుభవంలో గీత ఎక్కడ గీస్తారో తెలియజేయండి.