గాలికి విరిగిన మామిడిని వెంటనే అమ్మేయకండి

తుపాన్ల రోజులు దగ్గర పడ్డాయి, అందుకే ముందుగా ఈ మాట చెప్తున్నా.

2018 అక్టోబర్ 11న తిత్లీ మన ఉద్దానం మీద పడిన రోజు ఎవరం మర్చిపోలేం. జీడి, కొబ్బరి, పనస, మామిడి అన్నీ నేలమీదే. నాలుగు రోజులు తిరక్కుండా కలప వేపారులు రంపాలతో దిగారు. చేతిలో డబ్బుల్లేవు, తోటలోకి దారి లేదు, వాళ్లన్న రేటుకే ఇచ్చేశాం. నేనూ ఇచ్చాను. వేళ్లు గట్టిగా ఉన్న చెట్లు కూడా అందులో పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కొమ్మలు విరిగిన చెట్టు ఒకటి, వేళ్లతో లేచిపోయిన చెట్టు ఇంకొకటి. రెండింటికీ ఒకే లెక్క కట్టకండి. కొత్త అంటు నాటినా సరైన కాపుకి నాలుగైదేళ్లు పడుతుంది. పాత వేరు బతికుంటే కత్తిరించిన మామిడి రెండు మూడేళ్లకే పూతకొస్తుంది.

మా నాన్న వేసిన మామిడి ఒకటి సగానికి చీలితే ఉంచేశాను. ముందు ఫోటోలు తీయండి, నష్టం రాయడానికి వచ్చినోళ్లకి చూపించాలి కదా. తర్వాత కోత. పెద్ద కొమ్మని పైనుంచి ఒకేసారి కోస్తే బరువుకి జారి మాను బెరడు కూడా చీల్చుకుపోతుంది. మానుకి అడుగు దూరంలో ముందు కిందనుంచి కొంచెం కోయాలి, దానికి కాస్త అవతల పైనుంచి కోసి కొమ్మని దించాలి. మిగిలిన మోడుని మొదట్లో ఉబ్బుగా ఉన్నచోటు వదిలి నున్నగా తీసేయాలి. గాయానికి బోర్డో పేస్టు: మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, 5 లీటర్ల చొప్పున నీళ్లలో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ కలపాలి. ప్లాస్టిక్ బకెట్లే వాడండి, ఇనుపవి వద్దు.

చిగుళ్లు గుంపుగా వస్తాయి, చూసి మురిసిపోవద్దు. కొమ్మకి బయటివైపు తిరిగిన మూడు నాలుగు ఉంచి మిగతావి తీసేయాలి. మాను మీద పొట్టు రాలుతుంటే లోపల పురుగున్నట్టే, సైకిల్ ఊచతో గెలికి లాగేయండి.

ఒరిగిన చెట్టుని మాత్రం ట్రాక్టర్ కట్టి లేపొద్దు. నేను లేపాను, మిగిలిన వేళ్లు కూడా తెగి ఎండాకాలానికి మోడైపోయింది. ఒరిగినవైపు బరువు తగ్గించి, బయటపడ్డ వేళ్ల మీద మట్టి పోసి అలాగే వదిలేయండి.

ఇంటి మీదకో కరెంటు తీగల మీదకో వాలినా, మాను డొల్లైపోయినా ఆశ పెట్టుకోవద్దు, కొట్టించేయండి. అదీ ఇద్దరు ముగ్గురు వేపారుల్ని రేటు అడిగాకే.