విశ్వవిద్యాలయపు మైదానము ఎవరిది?

ముంబయి కామాఠీపురము సందులలో సాయంకాలము కాగానే క్రికెట్ మొదలగును. చేతిబండ్లకును, నిలిపియుంచిన మోటారు సైకిళ్ళకును నడుమ మిగిలిన జాగాలో, బంతిని భుజము దాటి ఎత్తక క్రిందినుండియే విసరవలెను. పైయంతస్తు వరండాలో పడినచో కొట్టినవాడు ఔటు. మోరీలో పడినచో వాడే దిగి తీయవలెను. ఈ ధర్మశాస్త్రమును రచించినవారి ప్రతిభను మెచ్చుకొనవలసినదే గాని, అందు పలువురు పగటివేళ కళాశాలలకు పోవువారని పాఠకులు మరువరాదు. విశ్వవిద్యాలయమున పేరు నమోదైయుండియు, ఆడుకొనుటకు సందు తప్ప వేరు గతిలేని విద్యార్థి యుండుట ఆ విశ్వవిద్యాలయమునకు శోభ కాదు.

నిజాము రాజ్యమునుండి కూలికై వచ్చి, పల్లపు నేలలలో కాపురముండి, బొంబాయి కట్టడములకు రాళ్ళెత్తిన కామాఠీల పేరనే యీ పేట వెలసినది. ఫూలే మహాశయుని సత్యశోధక సమాజమునకు చేయూతనిచ్చిన వెంకు బాలోజీ కాలేవార్, జాయా కారాడి లింగు ఆ కాలమున పేరుమోసిన తెలుగు కంట్రాక్టర్లు. ఊరికి గోడలు లేపినవారు తమకొక మైదానము మిగుల్చుకొనలేకపోయిరి. 19వ శతాబ్ది చివర నేటి మెరీన్ డ్రైవు ప్రక్కన పార్శీలు, హిందువులు, మహమ్మదీయులు వేరువేరు జింఖానాలు నెలకొల్పుకొనిరి. దాదరులోని మన ఆంధ్ర మహాసభ సైతము తన పేరులో జింఖానాను చేర్చుకొన్నది. వర్లీ బి.డి.డి. చాళ్ళలో 160 చదరపు అడుగుల గదిలో పెరిగిన తెలుగు పిల్లవానికి వాకిట జాంబోరీ మైదానమైన నుండెను. కామాఠీపురపు పిల్లవానికి అంతటి భాగ్యమును లేదు.

అయినను ఈ పేట ప్రక్కనే, నాగ్‌పాడాలో, మనము నేర్చుకొనదగిన చరిత్ర యొకటి కలదు. 1920లలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను అమెరికన్ మిషనరీ అక్కడ నైబర్‌హుడ్ హౌస్ అను సేవాసదనమును స్థాపించి, ఇరుగుపొరుగు బస్తీల జనము నడుమ పనిచేసెను. ఆ యనుభవమునుండియే 1936లో, ఆ సదనముననే, సర్ దొరాబ్జీ టాటా సమాజసేవా విద్యాలయము పుట్టినది; మాన్‌షార్టే దానికి ప్రథమ సంచాలకుడు. అదియే నేడు దేవనార్ ప్రాంగణమున టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అను పేర వర్ధిల్లుచున్న సంస్థ. 1964లో దానికి విశ్వవిద్యాలయ ప్రతిపత్తియు లభించినది. అనగా ఇచ్చట ముందు పేట, పిమ్మట విద్యాపీఠము. ఇక నాగ్‌పాడా బాస్కెట్‌బాల్ మాటయో, పూడిన మస్తాన్ తలావు నేలపై ఆడిన కుర్రవాండ్రు దేశపు జట్టువరకు ఎగబ్రాకిరి. 1970లో అర్జున పురస్కారమందిన గులాం అబ్బాస్ మూంతసిర్ అట్టివాడే. అందులకు వారికి కావలసివచ్చినది 28 మీటర్ల పొడవును 15 మీటర్ల వెడల్పును గల నేల, రెండు రింగులు, ఓపికగల శిక్షకుడు. కబడ్డీకి అంతయు నక్కరలేదు. 13 మీటర్లకు 10 మీటర్లు చాలును.

ఇట్లుండగా 1857లో స్థాపితమైన ముంబయి విశ్వవిద్యాలయమునకు కలీనాలో విశాల ప్రాంగణమును, మెరీన్ లైన్స్ వద్ద క్రీడామైదానమును గలవు. ముంబయి సెంట్రల్‌లో లోకల్ ఎక్కినచో మెరీన్ లైన్స్ మూడవ స్టేషను. దూరము స్వల్పమే, అడ్డు నిలుచునది గేటు. అంతర్ కళాశాలా పోటీలకు ఎంపికైన కొలదిమందికి క్రీడాసౌకర్యములు సమకూర్చి, తక్కిన వేలమందికి హాజరుపట్టీ మాత్రము మిగుల్చుట మన ప్రాంగణములకు చిరకాలపు అలవాటు. పతకములు తెచ్చువానికి పరుగుబాట కావలెననుట నిజమే; కాని పతకము ఎన్నడును తేనివానికి, పదిమంది నిద్రించు గదినుండి రెండు గంటలు వెలుపలికి రాదలచినవానికి అది యంతకంటె నవసరము. బాలికల మాట చెప్పనే యక్కరలేదు. సందులోని క్రికెట్ సయితము వారికి దక్కదు.

పైవారిని రానిచ్చినచో గడ్డి చెడును, గొడవలు పెరుగును, కావలికి ఖర్చగును అని అధికారులందురు. గడ్డి చెడుట నిజము. వాడిన వస్తువేదియు చెడక మానదు. గుర్తింపు కార్డును, నియతమైన వేళలును, అల్పమైన రుసుమును విధింపవచ్చును. 1969 నుండి నడచుచున్న జాతీయ సేవా పథకపు విద్యార్థులు మొక్కలు నాటి ఛాయాచిత్రములు తీయించుకొనుటకు మారుగా, వారమునకు రెండు సాయంకాలములు పేట పిల్లలకు ఆట నేర్పిన నది నిక్కమైన సేవ యగును.

ఇప్పుడు కామాఠీపురపు సుమారు 34 ఎకరముల పునర్నిర్మాణము తలపెట్టబడినది. గోపురములవంటి భవనములు లేచిన పిదప మైదానము కొరకు వెదకుట వ్యర్థము. కావున నివాసుల సంఘములు, తెలుగు సమాజములు ఇప్పుడే యొక బాస్కెట్‌బాల్ కోర్టును, ఒక కబడ్డీ ప్రాంగణమును పటములో గీయించుకొనవలెను. ఆ పని తెమలువరకు, విశ్వవిద్యాలయమువారు తరగతులు లేని వేళలలోను, సెలవు దినములలోను మెరీన్ లైన్స్ గేటును తెరచియుంచవలసినదని మా మనవి.